పొదుపు గ్రూపుకు కొత్తగా లీడర్ అయ్యారా? సభ్యుల నమ్మకం ఎలా సంపాదించాలి

నన్ను లీడర్‌గా పెట్టిన రోజు నేను చేసిన మొదటి పని అందరికీ బోండాలు, టీ ఇప్పించడం. రెండో పని, "నన్ను నమ్మండి, రూపాయి కూడా అటూ ఇటూ పోదు" అని చెప్పడం. ఆ రెండింట్లో బోండాలే నయం. వెనక కూర్చున్న ఒక పెద్దమ్మ, "నిన్ను నమ్మేదెందుకు మే, లెక్క చూపిస్తే చాలు గదా" అంది. అందరూ నవ్వారు. నా ముఖం మాడిపోయింది. చంద్రగిరి పక్కన మా ఊళ్లో ఆరేళ్లు ఆ పని చేశాక తెలిసింది, ఆవిడ చెప్పినదానికంటే ఎక్కువ నేర్చుకునేది పెద్దగా లేదని.

ఇది డ్వాక్రా గ్రూపు లీడర్ల కోసం రాస్తున్నా. డ్వాక్రా అనేది 1982లో వచ్చిన పథకం పేరు. తర్వాత పేర్లు ఎన్ని మారినా, 2022లో మా తిరుపతి వేరే జిల్లా అయినా, మా వైపు ఇంకా డ్వాక్రా అనే అంటాం. ఈ గ్రూపులను పల్లెల్లో వెలుగు, టౌన్లో మెప్మా అనే ప్రభుత్వ సంస్థల వాళ్లు చూసుకుంటారు. గుడి కమిటీకో, అపార్ట్‌మెంట్‌కో పెద్దగా ఉన్నవాళ్లకు కూడా చాలావరకు పనికొస్తుంది. నలుగురి డబ్బు చేతిలోకి వచ్చే పెత్తనం ఎక్కడైనా ఒకటే.

1. పుస్తకాల సంచి తీసుకునే రోజే లెక్క తేల్చుకోండి

పాత లీడర్ సంచి చేతికిచ్చి "అంతా కరెక్టుగానే ఉందక్కా" అంటుంది. మొహమాటానికి తీసుకోవద్దు. అట్లని ఆమెను దొంగను చూసినట్టు చూడొద్దు. "నాకు లెక్కలు తొందరగా ఎక్కవు, ఒకసారి అందరం కలిసి చూద్దాం" అనండి, చాలు.

చూడాల్సింది ఇంతే. ఒకవైపు సభ్యులందరి పొదుపు, ఇప్పటిదాకా వచ్చిన వడ్డీ కలిపి, అందులోంచి ఖర్చులు తీసేయండి. రెండోవైపు బ్యాంకులో ఉన్నది, చేతిలో ఉన్న నగదు, సభ్యులు గ్రూపులో అప్పు తీసుకుని ఇంకా కట్టాల్సింది కలపండి. రెండూ సమానం కావాలి. బ్యాంకు లోను ఉంటే దాని లెక్క వేరే కాగితం మీద. పాసుపుస్తకం ముందు రోజే ప్రింట్ వేయించుకుని రండి, ఎప్పుడో వేయించిన ప్రింట్ పట్టుకుని లెక్కేస్తే తేలదు. తేడా ఉంటే ఉందనే మినిట్స్ పుస్తకంలో రాసి అందరిచేత సంతకాలు పెట్టించండి. ఆరు నెలల తర్వాత బయటపడితే అది మీ తేడా అయిపోతుంది.

2. డబ్బు అందరి ముందు లెక్కపెట్టండి, లెక్క పైకి చదవండి

మా గ్రూపులో 11 మందిమి. నెలకు తలా 200, అంటే 2,200. చిన్న మొత్తమే. కానీ ఒకామె 150 తెచ్చి మిగతాది రేపిస్తానంటుంది, ఇంకొకామె పోయిన నెలది కలిపి 400 ఇస్తుంది, మూడో ఆమె పిల్లోడి చేత ఇంటికి పంపిస్తుంది. గొడవలన్నీ అక్కడే పుడతాయి. ఇంటికి పంపిన డబ్బు తీసుకోవద్దు. తప్పకపోతే పక్కింటి సభ్యురాలిని పిలిచి ఆమె ముందు తీసుకోండి.

మీటింగ్ అయిపోయేలోపే నగదు పుస్తకంలో, సభ్యుల చిన్న పుస్తకంలో రెండింట్లో రాయండి. ఇంటికెళ్లి తీరిగ్గా రాస్తాను అనుకున్నారో, వంట, చద్ది గిన్నెలు, పిల్లల హోంవర్క్ అయ్యేసరికి ఎవరెంత ఇచ్చారో మర్చిపోతారు. చివర్లో పైకి చదవండి: "ఈ నెల వచ్చింది ఇంత, అప్పు కంతులు ఇంత, వడ్డీ ఇంత, బ్యాంకులో కట్టబోయేది ఇంత." చదువు రాని అవ్వ కూడా తన అంకె విని తల ఊపాలి. నిజానికి చదువు రానివాళ్లకే లెక్క బాగా గుర్తుంటుంది. పుస్తకం మీద వాళ్లకు ఎప్పుడూ ధీమా లేదు కదా.

బ్యాంకుకు ఇద్దరు వెళ్లండి. డబ్బు తీసే ఫారాల మీద ముందే సంతకాలు పెట్టి ఇంట్లో పెట్టుకోవడం చాలా చోట్ల అలవాటు. సంతకం పెట్టాల్సిన రెండో లీడర్‌కు పొలం పనుంది, పదేపదే రాలేదు అనే సాకుతో మొదలవుతుంది. అట్లాంటి ఫారాలు మీ దగ్గర ఉంటే ఇవాళే చింపేయండి.

3. తేడా వస్తే జేబులోంచి పూడ్చొద్దు

ఇది నాకు దెబ్బ తగిలి వచ్చిన బుద్ధి. రెండో ఏడాది ఒక నెల లెక్కలో 600 తక్కువొచ్చింది. రాత్రి పదకొండింటిదాకా కూర్చున్నా దొరకలేదు. పొద్దున లేచి మా ఆయన చొక్కా జేబులోంచి 600 తీసి కలిపేసి బ్యాంకులో కట్టేశాను. ఎవరికీ చెప్పలేదు. మంచి పనే చేశాననుకున్నాను.

నాలుగు నెలలకు ఒకామె పుస్తకంలో కంతు రెండుసార్లు రాసినట్టు బయటపడింది. అంటే అసలు తక్కువే లేదు. అయితే ఆ 600 ఎక్కడిది అని అడిగారు. నేనే వేశానని చెప్పాను. ఆ మాటతో ఇంకా చెడింది. "ఏమీ లేకుండా ఊరికే ఎవరైనా వేస్తారా?" అని ఊరంతా అనుకున్నారు. నా స్థానంలో వేరే వాళ్లుంటే నేను కూడా అట్లనే అనుకునేదాన్నేమో. మూడు మీటింగులు నా ముఖం చూసి మాట్లాడినవాళ్లు లేరు.

కాబట్టి తేడా వస్తే ఆ రోజే చెప్పండి: "600 తక్కువుంది, నాకు దొరకలేదు, అందరూ మీ పుస్తకాలు తీయండి." పరువు పోతుందేమో అనిపిస్తుంది. పదకొండు పుస్తకాలు ఒకేసారి తెరిస్తే అరగంటలో దొరుకుతుంది.

4. అప్పు ఎవరికి ముందో మీరు తేల్చొద్దు

గ్రూపులో 20,000 ఉన్నాయి. ఒకామెకు ఆవు కొనాలి, ఒకామె కొడుక్కు కాలేజీ ఫీజు, ఒకామె మొగుడు ఆస్పత్రిలో. ముగ్గురూ ముందురోజు సాయంత్రం మీ ఇంటికే వస్తారు. "నువ్వు చెబితే అందరూ ఒప్పుకుంటారు వదినా" అంటారు. ఆ మాటకు పడిపోకండి. ఎవరూ అడగని నెలలోనే రూలు రాసుకోండి: ఆస్పత్రి ముందు, తర్వాత చదువు, తర్వాత మిగతావి. పాత బాకీ తప్పినవాళ్లు వెనక. లీడర్లిద్దరూ అందరికంటే వెనక.

మన తిరుచానూరులో పుట్టిన అనంతశయనం అయ్యంగార్ 1956లో లోక్‌సభ స్పీకర్ అయ్యారు. స్పీకర్ ఓటు వేయరు, రెండు పక్కలా సమానంగా పడితేనే వేస్తారు. రాజ్యాంగంలోనే ఉంది. మీ మీటింగులో కూడా అదే పెట్టుకోండి. మీరు ముందు నోరు తెరిస్తే సగం మంది మీ మాటకే తల ఊపి, బయటికెళ్లి తిట్టుకుంటారు.

వడ్డీ లెక్క కూడా ఇచ్చే రోజే చెప్పాలి. నూటికి రూపాయి అంటే 20,000కు మొదటి నెల 200. ఆమె అసలులో 2,000 కట్టేస్తే వచ్చే నెల 18,000కే వడ్డీ, 180. దీన్ని ముందు చెప్పకపోతే ఎక్కువ తీసుకుంటున్నారని ఒకరు, తక్కువ కట్టిందని ఇంకొకరు.

5. కట్టనివాళ్ల ఇంటికి వెళ్లండి, నలుగురిలో అడగొద్దు

గ్రూపు పేరు మీద తెచ్చిన బ్యాంకు లోను ఒకరు ఎగ్గొడితే మచ్చ మొత్తం గ్రూపుకు. అందుకే టెన్షన్ వస్తుంది, నోరు జారుతుంది. నేను ఒకసారి సీమంతం ఇంట్లో, పేరంటాళ్ల మధ్యలో "రెండు కంతులు ఉన్నాయి గదా" అన్నాను. మెల్లగానే అన్నాను. ఆమె ముఖం పాలిపోయింది. నాలుగు నెలలు మీటింగుకు రాలేదు, డబ్బూ రాలేదు.

ఇంటికి వెళ్లండి, రెండో లీడర్‌ను తీసుకెళ్లండి, మొగుడు తాగొచ్చే వేళ కాకుండా చూసుకోండి. "ఎందుకు కట్టలేదు" అనొద్దు, "పాల బిల్లు ఎప్పుడు పడుతుంది" అని అడగండి. మా వైపు చాలా ఇళ్లలో చేతికి డబ్బు వచ్చేది పాల బిల్లు రోజే. మామిడి కాయ అమ్మే ఇళ్లకు జూన్, జూలై. ఆ తేదీలు చూసుకుని మీటింగ్ పెట్టుకుంటే సగం బాకీలు అడగకుండానే వస్తాయి. జాతర వారంలో మాత్రం పెట్టొద్దు, ఎవరూ రారు.

జాతర అంటే గుర్తొచ్చింది. తిరుపతి గంగమ్మ జాతరలో వేషం వేసినవాళ్లు ఎదురొచ్చినవాళ్లను బూతులు తిట్టినా ఎవరూ కోపం తెచ్చుకోరు, అది మొక్కు. లీడర్ అయ్యాక సంవత్సరం పొడుగునా అట్లాంటి తిట్లే. ఆ రాత్రికి జవాబు చెప్పొద్దు. మరుసటి మీటింగులో పుస్తకం చూపించండి.

6. పైనుంచి వచ్చిన మాట పెంచొద్దు, దాచొద్దు

గ్రామ సంఘం, అంటే ఊళ్లో గ్రూపులన్నీ కలిసిన సంఘం, మీటింగులో విన్నది విన్నట్టు చెప్పండి. "లోను రావచ్చు" అంటే "వస్తుంది" అని చెప్పకండి. ఎక్కడో సభకు బస్సు నింపమని అడుగుతారు. ఇష్టమున్నవాళ్లు రండి అని మాత్రం చెప్పండి. "రాకపోతే లోను కట్" అని మీ నోటితో ఒక్కసారి అన్నారంటే ఆ తర్వాత మీరేం చెప్పినా బెదిరింపులాగే వినిపిస్తుంది.

7. రెండేళ్లకు దిగిపోండి

మొదటి నెల నుంచే ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని రాయడం నేర్పండి. చిన్నమ్మాయిలైతే తొందరగా నేర్చుకుంటారు, ఫోన్లో లెక్క చూడటం మనకే నేర్పుతారు. నేను ఆరేళ్లు ఉన్నాను, అది తప్పే. వేరే ఎవరికీ రాదు అని సభ్యులు అన్నారు, నాకు బాగుండింది.

దిగే రోజు మొదట చెప్పిన లెక్కే మళ్లీ వేయండి. రెండువైపులా మొత్తాలు రాసి అందరి సంతకాలు తీసుకోండి. సంతకాలు మార్చడానికి బ్యాంకువాళ్లు తీర్మానం కాపీ అడుగుతారు, అది కూడా ఆ రోజే రాయించండి. రెండూ ఫోన్లో ఫోటో తీసి అందరికీ పంపండి. సంచి ఇచ్చేశాక కొత్త లీడర్ ఫోన్ చేస్తే ఎత్తండి, చేయకపోతే మీరు చేయొద్దు.