ఆడపిల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్: ముందురాత్రి నుంచి కుట్లు విప్పేదాకా

"ఒక్క ఈత ఈననిచ్చి చేయిద్దాం" అంటారు చాలామంది. అక్కర్లేదు. పిల్లి నాలుగైదు నెలలకే ఎదకొస్తుంది, పిల్లలకు పాలిస్తూనే మళ్లీ చూలు కట్టగలదు. టీకాలయ్యాక అయిదో నెల దాటకముందే చేయించడం మేలు.

ముందురాత్రి పది దాటాక తిండి పెట్టొద్దు, నీళ్లు ఉంచొచ్చు. కడుపు నిండుగా ఉంటే మత్తులో వాంతయి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చిన్న కూనకు మాత్రం అంత పస్తు పనికిరాదు, ఒంట్లో చక్కెర పడిపోతుంది. ఎన్ని గంటలో డాక్టరునే అడగండి.

ఇంటికొచ్చాక తూలుతుంది. మంచం, అల్మారా ఎక్కకుండా చిన్న గదిలో నేలమీదే పడుకోబెట్టండి. దొడ్డికెళ్లే ట్రేలో ఇసుక బదులు చించిన పేపరు వేయండి, గాయానికి అంటుకోదు. గాయం నాకకుండా మెడకు కట్టిన కోన్ (గరాటులాంటి పట్టీ) కుట్లు విప్పేదాకా తీయొద్దు. జాలిపడి ఒక్క గంట తీస్తే చాలు, ఆ గరుకు నాలుకతో కుట్లు ఊడదీసుకుంటుంది. రోజుకు రెండుసార్లు గాయం చూడండి. కొద్దిపాటి ఎరుపు మామూలే. చీము, దుర్వాసన, ఆగని నెత్తురు కనిపించినా, 24 గంటలైనా తినకపోయినా వెంటనే తీసుకెళ్లాలి. నొప్పికని ఇంట్లో పారాసిటమాల్ ముక్క వేశారో, పిల్లి ప్రాణానికే ముప్పు.

కుట్లు 10–14 రోజులకు విప్పుతారు. అప్పటిదాకా స్నానం వద్దు.

ఇంట్లో మగపిల్లి కూడా ఉందా? దానికి ఆపరేషనయ్యాక కూడా కొన్ని వారాలు ఎదకొచ్చే పిల్లుల దగ్గరికి పోనివ్వొద్దు.