కొలార్డ్ ఆకు కోయడానికి మంచు పడనివ్వండి
అమెరికాలోని జార్జియా, కరోలినా రాష్ట్రాల్లో పెరట్లో క్యాబేజీ జాతికి చెందిన కొలార్డ్ ఆకుకూర వేసినవాళ్లు గడ్డి మీద తెల్లగా మంచు పేరుకునే మొదటి రోజుల దాకా ఆగండి. చలి తగిలితే మొక్క తనలోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చుకుంటుంది. ఆకులో చేదు తగ్గి, తియ్యదనం వస్తుంది. మొక్క చచ్చిపోతుందేమోనని టెన్షన్ వద్దు, మామూలు మంచును ఇది హాయిగా తట్టుకుంటుంది. గోంగూర, బెండ మాత్రం మాడిపోతాయి, కాబట్టి ఉన్న గోంగూరంతా ముందే దూసి పచ్చడి పెట్టేసుకోండి.

కోసేటప్పుడు కింది ఆకులే తెంపండి. నడిమి చిగురు వదిలేస్తే చలికాలంలోనూ కొత్త ఆకు వస్తూనే ఉంటుంది. ఆకు అడుగున పచ్చ పురుగులుంటాయి, తిప్పి చూసి కడగండి.

అక్కడి పల్లెల్లో దీన్ని పొగబెట్టిన పంది మాంసంతో సన్నసెగ మీద చాలాసేపు ఉడికిస్తారు. అడుగున మిగిలే రసంలో మొక్కజొన్న రొట్టె ముంచుకుని తింటారు. ఆ రసం పారబోయకండి, అసలు రుచంతా అందులోనే ఉంది! మాంసం తిననివాళ్లు ముదురు ఈనెలు తీసేసి, ఆకు సన్నగా తరిగి పెసరపప్పుతో వండండి. తాలింపులో వెల్లుల్లి ధారాళంగా వేయండి.