ఇంటర్వెల్‌లో ఒక్కడే కూర్చుంటున్నాడా? బళ్లో ఒంటరైన పిల్లకాయలు: కారణాలు, ఉపాయాలు

పిల్లవాడి వైకల్యం ఎంతో తేల్చే సదరం సర్టిఫికెట్ చేతికొచ్చింది. హాజరుపట్టీలో పేరెక్కింది. బ్యాగు, పుస్తకాలు కూడా వచ్చాయి. ఆరు నెలలు గడిచినా వాడికి బళ్లో ఒక్క జతగాడు లేడు. మా దగ్గరికొచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది ఆగిపోయేది ఇక్కడే.

నేను పెన్న దాటాక కోవూరు వైపు పల్లెల్లో సహిత విద్య పని, అంటే వైకల్యం ఉన్న పిల్లల్ని మామూలు బళ్లో అందరితో కలిపి చదివించే పని చూస్తుంటాను. కొన్నాళ్లు ఈ పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రం, కొన్నాళ్లు బళ్ల చుట్టూ తిరుగుడు. కోరికకొక రొట్టె పేరు చెప్పి ఇచ్చిపుచ్చుకునే నెల్లూరు రొట్టెల పండుగలో, స్వర్ణాల చెరువు దగ్గర ఆరోగ్య రొట్టె కోసం వచ్చే వాళ్లల్లో మా పిల్లల తల్లులు కనిపిస్తూనే ఉంటారు. ఒకామెతో "ఈసారి చదువు రొట్టె పట్టుకోమ్మా" అన్నాను. "చదువు వస్తానే ఉండాది సార్. వాడితో ఆడుకునే రొట్టె ఎవురిస్తారో చెప్పండి" అంది. ఆ రొట్టె నా దగ్గర లేదు. కంటపడిన కారణాలు, పనిచేసిన ఉపాయాలు మాత్రం ఉన్నాయి.

ముందు చూడాల్సింది క్లాసు కాదు. క్లాసులో అందరూ బుద్ధిగానే కూర్చుంటారు. ఒక మూడు రోజులు ఇంటర్వెల్లో, మధ్యాహ్న భోజనం వరసలో, సాయంత్రం లాంగ్ బెల్ కొట్టాక గేటు దగ్గర గమనించండి. పక్కన ఎవరున్నారో కాగితం మీద రాసుకోండి. మూడు చోట్లా ఆ గడి ఖాళీగానే ఉంటే కింది వాటిలో ఏదో ఒకటి కారణమై ఉంటుంది.

"ఇంటర్వెల్లో కూర్చున్నచోటు నుంచి కదలడు"

"వాడికి కలవడం చేతకాదండీ" అనేస్తారు. నేను ముందు గడియారం చూస్తాను. ఇంటర్వెల్ పది నిమిషాలు. కాలికి క్యాలిపర్ (ఊతంగా కట్టే కమ్మీల పట్టీ) ఉన్న పిల్లవాడు మేడమీది గదిలోంచి దిగేసరికి మళ్లీ గంట కొట్టేస్తారు. ఇక వాడు దిగడమే మానేస్తాడు. దీనికి నిధులు అక్కర్లేదు, ఆ క్లాసును కింది గదిలోకి మారిస్తే సరి. ర్యాంపు ఉంటే వాలు కొలవండి. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవుండాలి. అంతకంటే నిటారుగా ఉంటే చక్రాల కుర్చీని వాడు సొంతంగా తోసుకోలేడు. ప్రభుత్వ బళ్లను బాగుచేసిన నాడు-నేడు పనుల్లో కట్టిన ర్యాంపుల మీద టీచర్ల బండ్లు నిలబడి ఉండటం కూడా చూశాను. నా బండి కూడా ఒకసారి అక్కడే పెట్టి నాలుక కరుచుకున్నాను.

గది కిందే ఉన్నా కదలడం లేదంటే, ఆటల పీరియడ్‌లో ఏం జరుగుతోందో చూడండి. "నువ్వు కూర్చో నాయనా, పడతావు" అనే మాట వినిపిస్తుంది. దయతో అన్న మాటే. వారానికి రెండుసార్లు ఆ మాట వింటే మిగతా పిల్లకాయలు మాత్రం దాన్ని ఇంకోలా అర్థం చేసుకుంటారు: వీడు మన లెక్కలో లేడు. పీరియడ్‌లో లెక్కలో లేనివాణ్ని ఇంటర్వెల్లో ఎవరు పిలుస్తారు? 2016 వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్, చదువుతో పాటు ఆటల్లో కూడా అందరితో సమానంగా అవకాశం ఇవ్వాలని చెబుతోంది. అది చాలా బళ్లకు తెలియదు.

కొందరు వాడి చేత స్కోరు రాయించి సంతృప్తి పడతారు. గ్రౌండు బయట కూర్చోబెట్టడానికి అదొక మర్యాదైన దారి, అంతే. నేను చేసేది ఒకటే. "వీడు కూడా ఆడాలి, రూలు మీరే పెట్టండి" అని పిల్లకాయలకు వదిలేస్తాను. ఒక బళ్లో ఐదో క్లాసు వాళ్లు పావుగంట కొట్లాడుకుని తేల్చారు: వీడు బ్యాటింగ్ చేస్తాడు, బై రన్నర్ పరిగెత్తుతాడు, అవుటైతే మాత్రం అవుటే. ఆ చివరి షరతు నాకు తట్టేది కాదు. నేనైతే ఇంకో ఛాన్సు ఇచ్చేవాణ్ని, దాంతో వాణ్ని మళ్లీ వేరుచేసేవాణ్ని. రెండో బంతికే అవుటై వాడు బ్యాటు నేలకేసి కొట్టి అలిగాడు. మిగతావాళ్లు వాణ్ని తిట్టారు. బళ్లో చేరాక వాణ్ని ఎవరైనా సమానంగా తిట్టడం అదే మొదటిసారి అనుకుంటా. చూపు బొత్తిగా తక్కువున్న పిల్లలుంటే బంతిని ప్లాస్టిక్ కవర్లో పెట్టి ముడేసి నేల మీద దొర్లించండి. ఆ గరగర చప్పుడును బట్టి వాళ్లు పట్టుకుంటారు.

"వాళ్లక్క పక్కన లేకపోతే ఉండడు సార్"

బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల విషయంలో ఇది మరీ ఎక్కువ. అక్కను తెచ్చి తమ్ముడి క్లాసులో కూర్చోబెడతారు. తినిపించేది, మూతి తుడిచేది, బాత్రూముకు తీసుకుపోయేది అంతా ఆ పిల్లే. టీచరుకు ఊరట, తల్లికి ధైర్యం. మధ్యలో అక్క చదువు పోతుంది, ఆమె నేస్తాలు పోతారు. తమ్ముడికీ ఒరిగేదేమీ లేదు, ఎందుకంటే అక్క అనే గోడ దాటి వాడి దగ్గరికి ఇంకెవరూ రారు.

ఒక్కసారిగా తీసేయకండి, వాడు బడే మానేస్తాడు. మొదటి వారం అక్క రెండు బెంచీల వెనక, రెండో వారం గుమ్మం బయట, ఆ తర్వాత తన క్లాసులో. ఖాళీ అయిన చోటికి ముగ్గుర్ని పెట్టండి, వారానికొకరు చొప్పున. ఒక్కరికే అప్పగిస్తే ఆ ఒక్కరూ విసుగైనా చెందుతారు, చిన్న టీచరైనా అయిపోతారు.

అన్నీ వాడికి చేసిపెట్టేవాళ్లే ఉంటే స్నేహం కుదరదు. వాడి చేతి నుంచి కూడా ఏదో ఒకటి ఎదుటివాళ్లకు అందాలి. భోజనం దగ్గర కోడిగుడ్లు, చిక్కీలు పంచే పని మా పిల్లకాయల్లో ఒకడికి ఇప్పించాను. లెక్క తప్పుతాడని వంటామె గొడవపడింది. నిజమే, తప్పాడు. పది రోజుల్లో బడంతా వాణ్ని పేరు పెట్టి పిలవసాగింది. చిక్కీ వాడి చేతిలో ఉంది మరి.

"చెవి మిషన్ తీసి బ్యాగులో పడేస్తాడు"

మొండితనం అనుకుంటారు. ముందు మిషన్ పెట్టి వాడి పక్కన నిలబడండి. కుయ్‌మని కూత వస్తోందా? పిల్లల చెవి పెరుగుతుంది, చెవిలో పెట్టే మోల్డు పెరగదు. అది వదులైతే శబ్దం బయటికొచ్చి మళ్లీ మైకులోకి పోయి కూస్తుంది. క్లాసంతా నవ్వుతుంది, వాడు తీసేస్తాడు. కొత్త కొలతతో మోల్డు చేయించడమే దీనికి మందు. గులిమి అడ్డుపడినా కూత వస్తుంది, అదీ చూపించండి. కూత లేకుండానే తీసేస్తుంటే బ్యాటరీ అనుమానించండి. జింక్-ఎయిర్ బ్యాటరీ స్టిక్కరు పీకిన క్షణం నుంచే పనిచేయడం మొదలుపెడుతుంది, వాడకపోయినా అయిపోతూనే ఉంటుంది. మా సముద్రపు వైపు చెమటకు మిషన్ లోపల చెమ్మ కూడా చేరుతుంది. రాత్రిపూట సిలికా జెల్ పొట్లాలున్న డబ్బాలో పెట్టాలి.

ఇవన్నీ బాగుంటే మిగిలేది గోల. మిషన్ టీచరు గొంతునూ ఫ్యాను చప్పుడునూ కలిపే పెంచుతుంది. ముందు బెంచీ ఇవ్వండి. బోర్డు వైపు తిరిగి మాట్లాడకండి, మీ పెదాలు వాడికి కనపడాలి. పక్కపిల్లలు మిషన్ లాగుతున్నారంటే అది కుతూహలం. ఒక పూట దాన్ని అందరికీ చూపించి, ఎలా పనిచేస్తుందో చెప్పండి. ఆ తర్వాత లాగరు.

"ఆ పిల్ల నీళ్లే తాగదు"

బాత్రూముకు పోలేక. పట్టుకునే కమ్మీ లేదు, గుమ్మంలో మెట్టుంది, లేదా తాళం ఎవరి దగ్గరుందో తెలియదు. తాళం సంగతి ఈ రోజే తేల్చండి. కమ్మీ, కమోడ్ విషయం హెడ్మాస్టరుకు కాగితం మీద రాసివ్వండి.

"పేరుతో పిలవరు"

కాగితాల్లో విభిన్న ప్రతిభావంతుడు, వరండాలో కుంటోడు. పిల్లకాయల్ని తిట్టేముందు ఆ మాట ఎక్కడ పుట్టిందో వెతకండి. నేను వెతికిన చోట్ల ఎక్కువసార్లు పెద్దవాళ్ల నోట్లోనే దొరికింది. "ఆ మూగోణ్ని పిలువు" అని స్టాఫ్ రూములోంచి కేకేస్తే పిల్లలకు ఇంకేం కావాలి? పదిమందిలో వికలాంగుణ్ని కావాలని అవమానిస్తే అదే 2016 చట్టం 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు ఉంది. కేసు దాకా పోవాలని కాదు, హెడ్మాస్టరు మీటింగులో చట్టం ఒకసారి చదివి వినిపించినా గొంతులు తగ్గుతాయి.

"ఉన్నట్టుండి అరుస్తాడు, కొరుకుతాడు"

ఉన్నట్టుండి అనేది దాదాపు ఉండదు. అరుపుకు ముందు ఐదు నిమిషాల్లో ఏం జరిగిందో పది రోజులు రాయండి. ఆటిజం ఉన్న ఒక పిల్లవాడి విషయంలో ప్రతిసారీ ప్రార్థన మైకే కారణమని తేలింది. లైనులో వాణ్ని మైకుకు దూరంగా చివర నిలబెట్టాక అరుపులు బాగా తగ్గాయి. మాట రాని పిల్లలకు నీళ్లు, బాత్రూము, ఇల్లు బొమ్మలు గీసిన అట్టముక్కలు మెడలో వేయండి. చూపించడం వచ్చాక కొరకాల్సిన పని తగ్గుతుంది. కళ్లు తేలేయడం, ఒళ్లు కొట్టుకోవడం ఉంటే అది ఫిట్స్ కావచ్చు. అట్టముక్కలతో కాలక్షేపం చేయకుండా డాక్టరుకు చూపించండి.

"మావల్ల కాదు, స్పెషల్ స్కూల్లో వేసుకోండి"

వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత చదువు హక్కు. దగ్గర్లోని మామూలు బడా, స్పెషల్ స్కూలా అన్నది ఎంచుకునేది మీరే, బడి కాదు. ఆ మాట నోటితో అంటే కాగితం మీద రాసివ్వమని అడగండి. రాసివ్వరు. అప్పుడు ఎంఈఓ (మండల విద్యాధికారి) దగ్గరికి పోండి, మండలంలో సహిత విద్య చూసే టీచర్ని వెంటబెట్టుకోండి. రానుపోను ఛార్జీలకు, వెంట వచ్చే మనిషికి సమగ్ర శిక్ష పథకం కింద భత్యం ఉంది. వైకల్యం ఉన్న ఆడపిల్లలకు నెలకు 200 రూపాయల చొప్పున పది నెలలు స్టైపెండ్ కూడా ఉంది.

ఇంకొక్కటి, ఎవరూ ముందుగా అడగనిది. ఐదో క్లాసు దాకా ఊరిబళ్లో కష్టపడి కూర్చిన స్నేహం, పక్కూరి హైస్కూల్లో సెక్షన్లు విడగొట్టగానే తెగిపోతుంది. పాత బడి నుంచి వచ్చే నేస్తాల్లో ఒక్కరినైనా అదే సెక్షన్లో వేయమని జూన్‌లో బడి తెరిచిన వారంలోనే హెడ్మాస్టరును అడగండి. జూలైకల్లా రిజిస్టర్లు రాసేస్తారు, అప్పుడు మార్చమంటే ఎవరూ వినరు.