మొదటిసారి డ్యూయల్ స్పోర్ట్ బండి కొంటున్నారా, డబ్బులు కట్టేముందు ఇవి చూసుకోండి

కొత్తగా బండి నేర్చుకుని, రోడ్డు మీదా తిరగాలి మట్టిదారుల్లోకీ వెళ్ళాలి, కానీ బండి మీద మరీ ఎక్కువ పెట్టలేను అనుకునేవాళ్ళ కోసం ఇది రాస్తున్నా. అలా రోడ్డుకీ మట్టికీ రెండిటికీ పనికొచ్చే బండినే డ్యూయల్ స్పోర్ట్ అంటారు. ఈ రకం బళ్ళతో కొత్తవాళ్ళు పడేది స్పీడుగా పోయి కాదు. నేను చూసినంతవరకు ఆగేటప్పుడు, వెనక్కి తిప్పుకునేటప్పుడు, ఎత్తు మీద ఇంజన్ ఆగిపోయినప్పుడు పడతారు. కాలు కింద పెట్టబోతే నేల అందదు, బండి ఓ పక్కకి ఒరుగుతుంది, కొంత ఒరిగాక ఇక ఎంత బలమున్నా ఆపలేం. అందుకే సీసీ ఎంత, పవర్ ఎంత అనేది పక్కన పెట్టి, ఈ బండిని నేను నిలబెట్టగలనా, పడితే ఒక్కడినే లేపగలనా అని ముందు చూసుకోమంటాను.

నా మొదటి బండి సీటు 93 సెంటీమీటర్ల ఎత్తు. షోరూంలో నున్నటి గచ్చు మీద వేళ్ళ మీద నిలబడి సరిపోతుందిలే అనుకున్నా. రెండు వారాల తర్వాత రాళ్ళదారిలో ముందు వెళ్తున్న బండి ఆగితే నేనూ ఆగాల్సొచ్చింది, ఎడమకాలు పెట్టిన చోట చిన్న గుంట ఉంది, అంతే, ఆ నాలుగు వేళ్ళ లోతు చాలింది, బండి మొత్తం నా మడమ మీదకి వచ్చింది. ఎముక చిట్లి ఆరు వారాలు మంచం మీద ఉన్నా. అప్పుడు నా వేగం సున్నా. ఇంకొకరికి అలా కాకూడదనే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

ఈ బళ్ళు ఎత్తుగా ఉండటానికి కారణం ఉంది, గతుకుల్లో చక్రం పైకీ కిందకీ బాగా ఆడాలి, ఇంజన్ అడుగు రాళ్ళకి తగలకూడదు, ఆ రెండూ కావాలంటే సీటు పైకి పోవాల్సిందే. కానీ అన్నీ ఒకే ఎత్తు కాదు. యమహా టీడబ్ల్యూ200 సీటు దాదాపు 79 సెంటీమీటర్లు, యమహా ఎక్స్‌టీ250 ది 81, హీరో ఎక్స్‌పల్స్ 200 ది 82 పైన, హోండా సీఆర్‌ఎఫ్300ఎల్ కి వస్తే 88, సుజుకి డీఆర్-జెడ్400ఎస్ 93 దాటుతుంది, హోండా ఎక్స్‌ఆర్650ఎల్ 94. చదివితే 79కీ 94కీ పెద్ద తేడా అనిపించదు, ఎక్కి కూర్చుంటే ఒకటి సైకిల్ లాగా, ఇంకోటి గోడెక్కినట్టు ఉంటుంది.

కాకపోతే కాగితం మీద ఉన్న అంకె ఒక్కటే చూసి నిర్ణయించుకోకండి. మీరు కూర్చోగానే షాక్ అబ్జార్బర్ కొంత కిందకి దిగుతుంది, మెత్తటి స్ప్రింగులున్న బండి ఎక్కువ దిగుతుంది, సీఆర్‌ఎఫ్300ఎల్ అలాంటిదే, 88 అని భయపడినవాళ్ళకి కూడా ఎక్కాక పర్లేదనిపిస్తుంది. సీటు వెడల్పుగా ఉంటే కాళ్ళు పక్కకి పోయి అందాల్సిన నేల కూడా అందదు. కాబట్టి మీరు రోజూ వేసుకోబోయే బూట్లే వేసుకుని వెళ్ళండి, పక్కన ఒకర్ని పట్టుకోమని చెప్పి సైడ్ స్టాండ్ తీసి కూర్చోండి. రెండు పాదాలూ పూర్తిగా ఆనక్కర్లేదు, రెండు పాదాల ముందు భాగం గట్టిగా ఆనినా చాలు, లేదా కొంచెం పక్కకి జరిగితే ఒక పాదం మొత్తం ఆనాలి. రెండు పక్కలా వేళ్ళ కొసలే అందుతుంటే ఆ బండి ఎంత నచ్చినా మొదటి బండిగా వద్దు.

ఎత్తు తగ్గించుకోవచ్చు కదా అంటారు, తగ్గించుకోవచ్చు, కానీ జాగ్రత్త. వెనక షాక్ అబ్జార్బర్‌కి ఉండే లింకు మార్చి కిందకి దించి, ముందు ఫోర్కులు (ముందు చక్రాన్ని పట్టుకునే షాక్ గొట్టాలు) అలాగే వదిలేస్తే హ్యాండిల్ తిరిగే తీరే మారిపోతుంది, ముందు కూడా దానికి తగ్గట్టు దించాలి. బండి కిందకి వచ్చాక పాత సైడ్ స్టాండ్ పొడుగైపోతుంది, బండి నిటారుగా నిలబడి చిన్న గాలికి అవతలి పక్కకి పడిపోతుంది, దాన్నీ కోయించుకోవాలి. ఇంజన్ అడుగున ఖాళీ తగ్గుతుంది. ఇన్ని పనులకి ఖర్చు పెట్టేకంటే మొదటే తక్కువ ఎత్తు బండి చూసుకోవడం మేలు. సీటు లోపలి స్పాంజి కొంచెం తీయించుకోవడం ఒక్కటే ఇబ్బంది లేని పని.

ఇక బరువు. టీడబ్ల్యూ200 పెట్రోలుతో కలిపి దాదాపు 127 కేజీలు, ఎక్స్‌టీ250 132, సీఆర్‌ఎఫ్300ఎల్ 142 దగ్గర, సుజుకి డీఆర్650 166, ఇప్పటి కవాసకి కేఎల్‌ఆర్650 అయితే 200 దాటిపోతుంది. మట్టిలో కొత్తవాళ్ళు ఒకే రోజు నాలుగైదుసార్లు పడేయడం మామూలే, మొదటిసారి లేపినప్పుడు ఏమీ అనిపించదు, నాలుగోసారికి చేతులు వణుకుతాయి, ఆ అలసటలో మళ్ళీ పడేస్తాం, అసలు దెబ్బ అప్పుడు తగులుతుంది. కొనకముందే లేపడం నేర్చుకోండి. ముందు ఇంజన్ ఆపాలి, పెట్రోల్ ట్యాప్ ఉంటే కట్టేయాలి, గేర్లో వేసి ఉంచాలి, లేకపోతే లేస్తూనే దొర్లుతుంది. కుడిపక్కకి పడితే లేపకముందే సైడ్ స్టాండ్ బయటికి తీసి పెట్టాలి, లేకపోతే లేపిన ఊపులో ఎడమ పక్కకి వెళ్ళి పడుతుంది. తర్వాత బండికి వీపు పెట్టి సీటుకి ఆనుకుని, ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో వెనక ఫ్రేము పట్టుకుని, నడుముతో కాకుండా కాళ్ళతో వెనక్కి అడుగులేస్తూ తోయాలి. వాలులో పడితే మాత్రం బండికి కింద వైపు నిలబడొద్దు.

సీసీ విషయానికొస్తే 200 నుంచి 300 మధ్య చాలు, ఇది సర్దుబాటు కాదు, మొదటి రెండేళ్ళకి నిజంగా అదే సరైన సైజు అని నా నమ్మకం. 1968లో యమహా డీటీ-1 వచ్చి ఇలాంటి బళ్ళకి పెద్ద మార్కెట్ తెచ్చింది, అది 250 సీసీ బండే, జనం దాన్ని ఇష్టపడింది తేలిగ్గా ఉండటం వల్లే. తడిమట్టిలో 650 సీసీ సింగిల్ సిలిండర్ బండికి యాక్సిలరేటర్ పొరపాటున కొంచెం ఎక్కువ తిప్పితే వెనక చక్రం పక్కకి లాగేస్తుంది, 200 సీసీ బండి అదే తప్పుకి చిన్నగా జారి ఊరుకుంటుంది. అయితే మీ రోజువారీ దారిలో లారీలు తిరిగే పెద్ద హైవే ఉంటే టీడబ్ల్యూ200 లాంటిది మీకు చాలదు, 90 దాటాక అది కష్టపడుతుంది, వెనక నుంచి వచ్చే బళ్ళ కంటే నెమ్మదిగా పోవడం కూడా ప్రమాదమే. అలాంటివాళ్ళు 300 దగ్గర చూసుకోవాలి.

ఇంకో ఉచ్చు ఉంది. పోటీల కోసం చేసిన ఎండ్యూరో బండికి నంబర్ ప్లేటు, లైట్లు తగిలించి తక్కువకే ఇస్తాం అంటారు. చూడ్డానికి తేలిగ్గా, పవర్ దండిగా ఉంటుంది, కానీ వాటికి ఆయిల్ మార్చేది కిలోమీటర్ల లెక్కన కాదు, నడిచిన గంటల లెక్కన. పిస్టన్ కూడా గంటల లెక్కనే. కొన్న డబ్బు కంటే నడిపే ఖర్చు భారమవుతుంది, కొత్తవాళ్ళు దాని జోలికి పోకండి.

పెట్రోల్ ట్యాంకు ఎంతో అడగడం చాలామంది మర్చిపోతారు. సీఆర్‌ఎఫ్300ఎల్ ట్యాంకు 7.8 లీటర్లు, టీడబ్ల్యూ200 ది 7 లీటర్ల లోపే, ఎక్స్‌పల్స్ ది 13. మట్టిలో మొదటి రెండు గేర్లలో పోతుంటే మైలేజీ పడిపోతుంది కాబట్టి రోడ్డు మైలేజీతో లెక్క వేయకండి, మూడో వంతు ట్యాంకు తిరుగు ప్రయాణానికే అని అట్టిపెట్టుకోండి.

బడ్జెట్ తక్కువ అంటే ఎక్కువమంది సెకండ్ హ్యాండ్ వైపే వెళ్తారు, అది మంచిదే, ఎందుకంటే ఈ రకంలో కొన్ని మోడళ్ళు దశాబ్దాల పాటు పెద్దగా మారలేదు, టీడబ్ల్యూ200 1987 నుంచి ఉంది, ఎక్స్‌ఆర్650ఎల్ 1993 నుంచి, డీఆర్650 ఇప్పటి రూపంలో 1996 నుంచి, కాబట్టి వాటి జబ్బులు అందరికీ తెలుసు. ఉదాహరణకి పాత కేఎల్‌ఆర్650 లో బ్యాలెన్సర్ చైన్ (ఇంజన్ వణుకు తగ్గించే భాగాన్ని తిప్పే చైన్) బిగుతుగా ఉంచే చిన్న లీవర్ విరిగే అలవాటుంది, దాన్ని మార్చారా లేదా అని అడగాల్సిందే.

చూడ్డానికి వెళ్ళేముందు అమ్మే మనిషికి ఒకటే చెప్పండి, నేను వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దు అని. వెళ్ళగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే ముందే వేడి చేసి పెట్టారని అర్థం, చల్లటి ఇంజన్ స్టార్ట్ అవ్వడంలో ఇబ్బంది ఉందేమో అనుమానించాలి. స్టార్ట్ చేశాక నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ కాలుతోంది. ఆయిల్ చూసే గాజు దగ్గర పాలు కలిపినట్టు తెల్లగా ఉంటే లోపలికి నీళ్ళు పోయాయి, వాగులో ముంచి ఉంటారు. సీటు తీయించి ఎయిర్ ఫిల్టర్ చూడండి, నేనైతే అన్నిటికంటే దీనికే ఎక్కువ విలువిస్తా, ఫిల్టర్ ఎండిపోయి, దాని అవతలి వైపు గొట్టంలో సన్నటి దుమ్ము వేలికి అంటుకుంటే ఆ దుమ్మంతా ఇంజన్ తాగినట్టే, బయట ఎంత మెరుస్తున్నా వదిలేయండి.

తర్వాత ముందు చక్రం నేలకి ఆనకుండా లేపి హ్యాండిల్ నెమ్మదిగా అటూ ఇటూ తిప్పండి, మధ్యలో పట్టేసినట్టు ఆగితే బేరింగు పోయింది. వెనక చక్రాన్ని పట్టుకుని పక్కకి ఊపితే టకటకమంటే స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని ఫ్రేముకి కలిపే చెయ్యి) లోనో చక్రంలోనో అరుగుదల ఉంది. ఫోర్కు గొట్టాల మీద ఆయిల్ జిడ్డు ఉంటే సీల్స్ పోయాయి, అది పెద్ద ఖర్చు కాదు గానీ బేరానికి పనికొస్తుంది. స్పోకులు ఒక్కొక్కటీ చిన్న స్పానర్‌తో తట్టండి, అన్నీ దాదాపు ఒకేలా ఖణేల్‌మనాలి, టప్‌మని చచ్చిన శబ్దం వచ్చేది వదులైనట్టు. స్ప్రాకెట్ పళ్ళు ఒక వైపుకి వంగి కొక్కేల్లా ఉంటే చైనుతో సహా మొత్తం సెట్టు మార్చాలి. కింద పడుకుని ఫ్రేము అడుగు చూడండి, గీతలు పర్లేదు, సొట్టలు, కొత్తగా వెల్డింగ్ చేసి రంగేసిన చోట్లు ఉంటే మాత్రం వద్దు. ఫ్రేము మీదా ఇంజన్ మీదా కొట్టిన నంబర్లు కాగితాల్లో ఉన్నవాటితో అక్షరం అక్షరం సరిపోవాలి, ఇక్కడ ఏ సాకూ వినకండి. ఇవన్నీ మీ వల్ల కాదనుకుంటే తెలిసిన మెకానిక్‌ని వెంటబెట్టుకెళ్ళండి, ఆయనకిచ్చే డబ్బు వృథా కాదు.

చేతిలో ఉన్న మొత్తం బండికే పెట్టేయొద్దు. ఇది ఎంతమందికి చెప్పినా బండి చూశాక మర్చిపోతున్నారు. హెల్మెట్, చీలమండ పైదాకా వచ్చే గట్టి బూట్లు, మోకాలి కవచాలు, గ్లౌజులు, వీటి డబ్బు ముందే పక్కన పెట్టి, మిగిలినదే బండి బడ్జెట్ అనుకోండి. హెల్మెట్‌కి ఈసీఈ 22.06 లాంటి భద్రతా పరీక్ష గుర్తు ఉందో లేదో చూడండి. నా మడమ సంగతి చెప్పాగా, ఆ రోజు నా కాళ్ళకి మామూలు క్యాన్వాస్ బూట్లు. బండికి కూడా లోపల ఇనప కడ్డీ ఉండే హ్యాండ్ గార్డులు, ఇంజన్ కింద రాళ్ళ దెబ్బ ఆపే స్కిడ్ ప్లేటు వేయించుకోండి, ఒక క్లచ్ లీవర్ అదనంగా ఉంచుకోండి. లీవర్ల క్లాంపులు మరీ బిగించకండి, గట్టిగా తోస్తే తిరిగేంత వదులుంటే పడ్డప్పుడు లీవర్ విరగదు, పక్కకి తిరుగుతుంది అంతే.

టైర్ల గురించి కొంచెం. పెద్ద గుబ్బల టైర్లు మట్టిలో బాగా పట్టుకుంటాయి, తడిసిన తారు రోడ్డు మీద, తెల్ల గీతల మీద అవే జారుతాయి. మొదట్లో రెండిటికీ మధ్యరకం చాలు. మట్టిలోకి దిగేముందు గాలి కొంచెం తగ్గిస్తే పట్టు పెరుగుతుంది, మరీ తగ్గిస్తే రాయి తగిలి ట్యూబు రిమ్ముకి నలిగి చిరుగుతుంది. మళ్ళీ హైవే ఎక్కేముందు నింపుకోవాలి కాబట్టి చిన్న పంపు బండిలోనే ఉండాలి. ముందు 21 అంగుళాలు, వెనక 18 అంగుళాల చక్రాలున్న బండి అయితే మట్టి టైర్లు రకరకాలవి దొరుకుతాయి. ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసేది) ఉన్న బండి అయితే వెనక చక్రానికి ఆపుకునే వీలుందో అడగండి, వదులు కంకర ఉన్న దిగుడులో ఏబీఎస్ వదులుతూ పట్టుతూ ఉంటే బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. రోడ్డెక్కగానే మళ్ళీ ఆన్ చేయాలి, మర్చిపోవద్దు.

బండి వచ్చాక మొదటి వారమే అడవిదారి పట్టకండి. ఖాళీగా ఉన్న చదును మట్టినేల చూసుకుని నడక వేగంలో కాళ్ళు కింద పెట్టకుండా గుండ్రంగా తిరగడం, నిలబడి నడపడం, ముందు బ్రేకు రెండు వేళ్ళతో మెల్లగా నొక్కడం చేయండి. చిన్న ఎత్తు మీద కావాలనే ఆగి, ఇంజన్ ఆపి, గేర్లో ఉంచి క్లచ్ కొంచెం కొంచెం నొక్కుతూ వదులుతూ వెనక్కి దిగడం కూడా చేయండి, ఇది వచ్చాకే కొండదారి. మొదటిసారి లోపలికి వెళ్ళేటప్పుడు ఒంటరిగా వద్దు, ఏ దారిన వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో ఇంట్లో చెప్పి వెళ్ళండి.

తిరిగొచ్చాక బండి కడిగి పక్కన పెట్టేయకుండా, ఆ సాయంత్రమే ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి, చైను వదులు మాన్యువల్లో చెప్పినంతే ఉందా కొలవండి, స్పోకులు మళ్ళీ ఓసారి తట్టండి, కొత్త చక్రాలకి మొదటి రెండు మూడు మట్టి రైడ్లలోనే స్పోకులు ఎక్కువ వదులవుతాయి. హ్యాండిల్ బోల్టులు, వెనక ఇరుసు నట్టు, నంబర్ ప్లేటు స్క్రూలు కూడా చేత్తో ఒకసారి ముట్టుకుని చూడండి.