మన ఊళ్ల పేర్లతో ఛందస్సు, అలంకారాలు ఎలా నేర్చుకోవాలి?

పద్యం విని ఆనందించేవారు కూడా లఘువు, యతి, ఉత్ప్రేక్ష అనగానే వెనకడుగు వేస్తారు. వాటిని నిర్వచనాలుగా బట్టీ పట్టించడమే అందుకు కారణం. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల వారు రోజూ పలికే ఊళ్ల పేర్లతోనే ఈ చదువు మొదలుపెట్టడం మేలు.

ముందుగా గురులఘువులు, అంటే పలకడానికి ఎక్కువ సేపు పట్టే అక్షరాలు (గురువులు), తక్కువ సేపు పట్టేవి (లఘువులు), పట్టుబడాలి. దీర్ఘాక్షరాలు, ఐ, ఔలు, సున్న గానీ విసర్గ గానీ పొల్లు గానీ ఉన్న అక్షరాలు, ఒకే పదంలో ద్విత్వ, సంయుక్తాక్షరాలకు ముందున్న అక్షరాలు గురువులు, తక్కినవి లఘువులు. ‘చిత్తూరు’లో ‘చి’ హ్రస్వమే అయినా పక్కనున్న ద్విత్వం వల్ల గురువవుతుంది, ‘త్తూ’ దీర్ఘం కనుక గురువు, ‘రు’ లఘువు. ఇలా వరుసగా వచ్చే గురులఘువుల గుంపును గణం అంటారు. గురువు, గురువు, లఘువు వరుసగా వచ్చాయి కాబట్టి అది త-గణం. ‘మంగళం’ ర-గణం (గురువు, లఘువు, గురువు), ‘నగరి’ న-గణం (మూడూ లఘువులే). ‘తిరుమల’ నాలుగు లఘువుల నలము, అంటే దేశి పద్యాలలో వాడే ఇంద్రగణాలు అనే వర్గంలో ఒకటి. ‘పలమనేరు’ను ‘పలమ’, ‘నేరు’ అని విడదీస్తే న-గణం, హ-గణం (గురువు, లఘువు) అనే రెండు సూర్యగణాలూ, అంటే అదే పద్యాలలోని మరో గణవర్గం, ఒక్క పేరులోనే దొరుకుతాయి. మూడక్షరాల గణాలు ఎనిమిదింటికీ ‘యమాతారాజభానసలగం’ అనే సూత్రం చాలు: ‘య’ నుంచి ‘స’ వరకు ఏ అక్షరం దగ్గర మొదలుపెట్టి వరుసగా మూడక్షరాలు తీసుకున్నా, ఆ అక్షరం పేరుతో ఉన్న గణమే వస్తుంది.

తర్వాత యతిప్రాసలు. పాదం మొదటి అక్షరానికి, అదే పాదంలో నియమిత స్థానంలోని అక్షరానికి మైత్రి, అంటే పొంతన, కుదరడం యతి. అన్ని పాదాల్లోనూ రెండో అక్షరంగా ఒకే హల్లు రావడం ప్రాస. వీటికి ఊళ్ల పేర్లు చాలవు, పద్యం కావాలి. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర శతకంలోని ‘అంతా మిథ్య తలంచి చూచిన’ పద్యాన్ని తీసుకుని నాలుగు పాదాల మొదటి మాటలను ఒకదాని కింద ఒకటి రాయండి: అంతా, కాంతల్, భ్రాంతిం, చింతా. రెండో అక్షరంగా అన్నిటా సున్న తర్వాతి తకారమే కనిపిస్తుంది, అదే ప్రాస. ఇది శార్దూలం అనే రకం పద్యం కనుక పదమూడో అక్షరం యతిస్థానం. మొదటి పాదంలో ‘నరుండు, అట్లౌట’ అని సంధి విడదీసి చూస్తే, మొదటి అక్షరంలోని అకారానికి ‘అట్లౌట’లోని అకారంతో మైత్రి కుదిరిందని తెలుస్తుంది. యతి మొదట్లో కష్టంగానే ఉంటుంది, నెమ్మదిగా చూడండి.

అలంకారాలకు ఒకే వస్తువును మార్చి మార్చి చెప్పడం అన్నిటికన్నా మంచి సాధన. ‘శేషాచలం పాములా మెలికలు తిరిగి ఉంది’ అంటే ఉపమ. శేషాచలం ఉపమేయం (వర్ణించే వస్తువు), పాము ఉపమానం (దేనితో పోల్చామో అది), మెలికలు తిరగడం సమానధర్మం (రెండింటికీ ఉన్న లక్షణం), ‘లా’ ఉపమావాచకం (పోలికను తెలిపే మాట). ‘శేషాచలమనే పాము ఊరికి కాపలా కాస్తోంది’ అని అభేదం, అంటే రెండూ ఒకటే అని, చెబితే రూపకం. ‘ఆదిశేషుడే అలసి పడుకున్నాడో అన్నట్లుంది’ అని ఊహిస్తే ఉత్ప్రేక్ష.

ఇక కీర్తనల పదాలు తేలికే. అన్నమయ్య సంకీర్తన ఏదైనా వింటూ, మళ్లీ మళ్లీ వచ్చే భాగాన్ని పల్లవిగా, దాన్ని విస్తరించే భాగాలను చరణాలుగా గుర్తించండి. చివరి చరణంలో సాధారణంగా వచ్చే వేంకటేశుని పేరు ముద్ర, అంటే కవి తన రచనకు వేసే గుర్తు. శతకంలో ప్రతి పద్యం చివరా వచ్చే ‘శ్రీకాళహస్తీశ్వరా’ వంటి సంబోధనను మాత్రం మకుటమనాలి.