నోరోవైరస్ జన్యుక్రమంలో ప్రోటీన్ కోత స్థానాలను గుర్తించడం ఎలా

విశాఖపట్నంలో వాంతులు, విరేచనాలు కలిగించే నోరోవైరస్‌పై రోగుల నమూనాలతో ప్రాజెక్టు చేయదలచిన మైక్రోబయాలజీ విద్యార్థి ముందుగా ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోవాలి. కింగ్ జార్జ్ ఆసుపత్రి నుంచి ఆంధ్ర విశ్వవిద్యాలయం దూరం కాకపోయినా, ఈ ఊరి ఉక్కలో వైరస్ జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏ చెడిపోకుండా నమూనాను ఐసుపెట్టెలోనే తరలించాలి. మలాన్ని పీబీఎస్ అనే లవణ ద్రావణంలో పది శాతం పాళ్లలో కలిపి, సెంట్రిఫ్యూజ్ చేసి, పైతేట నుంచి ఆర్‌ఎన్‌ఏను వేరుచేయాలి. ఆర్‌ఎన్‌ఏను గుర్తించే ఆర్‌టీ-పీసీఆర్ పరీక్షలో సీటీ విలువ తక్కువగా (అంటే వైరస్ ఎక్కువగా) వచ్చిన నమూనాలనే పూర్తి జన్యుక్రమానికి ఎంచుకోవడం మేలు. ఈ వైరస్ ఆర్‌ఎన్‌ఏ చివర పాలీ-ఏ తోక (ఏ అక్షరాల వరుస) ఉంటుంది కనుక, దానికి అతుక్కునే ఆలిగో-డీటీ ప్రైమర్ అనే చిన్న డీఎన్‌ఏ ముక్కతో సీడీఎన్‌ఏ (ఆర్‌ఎన్‌ఏకు డీఎన్‌ఏ నకలు) తయారుచేయవచ్చు.

క్రమం సుమారు 7,500 అక్షరాల పొడవు రావాలి. మొదట్లో కనిపించే జీటీజీఏఏటీజీఏ వరుస రెండో ఓఆర్‌ఎఫ్ (ప్రోటీన్‌గా చదవగలిగే భాగం) ఆరంభం దగ్గర మళ్లీ వస్తుంది. ఉపజన్యు ఆర్‌ఎన్‌ఏ (క్రమంలోని చివరి భాగం మాత్రమే ఉండే పొట్టి ఆర్‌ఎన్‌ఏ) అక్కడే మొదలవుతుంది. అయితే మీ ప్రైమర్‌లోనే ఆ అక్షరాలు ఉంటే, మొదట్లో అవి కనిపించడం దేనికీ రుజువు కాదు. అప్పుడు రేస్ పద్ధతిలో ఆ కొసను విడిగా చదవాలి.

అసలు శ్రద్ధ పెట్టవలసింది మొదటి ఓఆర్‌ఎఫ్ మీద. అది దాదాపు 1,700 అమైనో ఆమ్లాల ఒకే పొడవాటి పాలీప్రోటీన్‌గా (అనేక ప్రోటీన్లు కలిసి ఉన్న గొలుసుగా) తయారై, తనలోనే ఉన్న ప్రోటియేజ్ అనే ప్రోటీన్లను కోసే ఎంజైమ్ చేతిలో ఐదు చోట్ల తెగి, పీ48, ఎన్‌టీపేజ్, పీ22, వీపీజీ, ప్రోటియేజ్, పాలిమరేజ్ అనే ఆరు ప్రోటీన్లుగా విడిపోతుంది. మొదటి రెండు కోతలు గ్లుటమిన్-గ్లైసీన్ అనే అమైనో ఆమ్లాల మధ్య, మూడవది, ఐదవది గ్లుటమేట్-గ్లైసీన్ మధ్య, నాలుగవది గ్లుటమేట్-అలనీన్ మధ్య పడతాయి. ఇలాంటి జంటలు పాలీప్రోటీన్‌లో ఇంకా చాలాచోట్ల ఉంటాయి కాబట్టి, కంప్యూటర్‌లో వెతికి దొరికిన ప్రతిదాన్నీ కోత స్థానంగా రాయడం తప్పు. 1968లో అమెరికాలోని నార్వాక్ పట్టణంలో వ్యాపించిన మూల వైరస్ క్రమంతో మీ క్రమాన్ని వరుసగా పేర్చి, ఇరుపక్కల అమైనో ఆమ్లాలను కూడా పోల్చాలి. నాలుగో కోత సరిగ్గా గుర్తిస్తే ప్రోటియేజ్ అలనీన్-ప్రోలిన్-ప్రోలిన్‌తో మొదలవుతుంది. అక్కడి నుంచి లెక్కిస్తే 139వ స్థానంలో ఉత్ప్రేరక సిస్టీన్ (కోతను జరిపించే అమైనో ఆమ్లం) ఉండాలి. లేకపోతే మూడేసిగా చదివే అక్షరాల చట్రం ఎక్కడో జారిందని అనుమానించి, యంత్రం ఇచ్చిన ముడి రీడ్లను మళ్లీ చూడాలి.

ఏ కోత ముందు పడుతుందో క్రమం చెప్పదు. గ్లుటమిన్ ఉన్న రెండు స్థానాలు త్వరగా తెగుతాయనీ, ప్రోటియేజ్-పాలిమరేజ్ జంట కొంతకాలం కలిసే ఉంటుందనీ ప్రయోగాలే తేల్చాయి. మీ వైరస్‌లోనూ అంతేనా అని తెలియాలంటే పాలీప్రోటీన్‌ను కుందేలు రెటిక్యులోసైట్ లైసేట్‌లో (గొట్టంలో ప్రోటీన్ తయారుచేసే రక్తకణాల సారంలో) తయారుచేయించి, వేర్వేరు సమయాల్లో తీసిన భాగాలను పరిమాణాన్ని బట్టి వేరయ్యేలా జెల్‌పై నడిపి, 139వ సిస్టీన్‌ను అలనీన్‌గా మార్చిన, కోయలేని రూపాన్ని పక్క గాడిలో పెట్టి పోల్చాలి.