చెవిలో హోరు ఉన్నా పని మీద మనసు నిలపడం ఎలా?

రాత్రి ఫ్యాన్ ఆపితే చాలు, నా కుడి చెవిలో, ఎడమ చెవిలో కీచురాళ్లు మొదలవుతాయి. ఎనిమిదేళ్లుగా ఇంతే. మొదటి ఏడాది నన్ను ఎక్కువ భయపెట్టింది ఆ మోత కాదు, లెక్కల్లో వచ్చే తప్పులు. పొడవాటి కూడికలో పైన వేసుకున్న ఒకటి మర్చిపోయేదాన్ని. చదివిన పేరానే మూడుసార్లు చదివేదాన్ని. బుర్ర పాడైపోతోందేమోనని ఒకటే టెన్షన్. ఇప్పుడు ఆ టెన్షన్‌లో ఉన్నవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ముందు ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించుకుని వినికిడి పరీక్ష చేయించుకోండి. హోరు ఒక్క చెవిలోనే ఉన్నా, నాడి కొట్టుకుంటున్నట్టు దబదబమన్నా, కళ్లు తిరుగుతున్నా ఆలస్యం చేయొద్దు. ఉన్నట్టుండి వినికిడి తగ్గితే మాత్రం అదే రోజు వెళ్లాలి, రెండు రోజులు చూద్దాంలే అనుకోకూడదు. వాడుతున్న మందులన్నీ చెప్పండి. ఎక్కువ మోతాదు ఆస్పిరిన్, కొన్ని యాంటీబయాటిక్‌లు హోరు తెప్పించగలవు. అలాగని ఏ మందూ సొంతంగా మానేయొద్దు.

తర్వాత మీ స్వభావాన్ని గమనించుకోవాలి. 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు వినికిడి బాగున్న 80 మందిని శబ్దం చొరబడని గదిలో కూర్చోబెడితే, 94 శాతం మందికి ఏదో ఒక మోత వినిపించింది. అంటే మోత వినిపించడం ఒకటి, దానికి మనం కలవరపడడం మరొకటి. హోరు ఎంత గట్టిగా ఉందో కొలిచినా, ఆ కొలతను బట్టి ఎవరు ఎంత బాధపడుతున్నారో చెప్పలేరు. చిన్నదానికీ ఆందోళన పడే స్వభావం ఉన్నవాళ్లకు బాధ ఎక్కువని మాత్రం చాలా అధ్యయనాల్లో కనిపించింది. నేనూ ఆ కోవే. ఇది తప్పు కాదు, లోపమూ కాదు. "అంతా నీ భ్రమ" అనేవాళ్ల మాట అసలు పట్టించుకోకండి.

ఒక వారం పాటు చిన్న నోట్‌బుక్‌లో రోజుకి ఒక్కసారి రాయండి: హోరు పదికి ఎంత, అది విసిగించింది పదికి ఎంత, రాత్రి నిద్ర ఎన్ని గంటలు. నా పుస్తకంలో హోరు రోజూ ఆరు దగ్గరే ఉంది. విసుగు మాత్రం నిద్రపోయిన మర్నాడు మూడు, నిద్రలేని మర్నాడు ఎనిమిది. వారం కాగానే ఆపేయాలి. రోజూ కొలుస్తూ కూర్చుంటే అదేదో ముఖ్యమైన శబ్దమని మెదడుకి మనమే నేర్పినట్టవుతుంది.

ఇక పని సంగతి. హోరు తెలివిని తగ్గించదు, ధ్యాసలో కొంత వాటా లాక్కుంటుంది. అందుకే అలవాటైన పనులు సాఫీగా సాగినా, రెండు పనులు ఒకేసారి చేసేటప్పుడు, అంకెలు మనసులో పెట్టుకునేటప్పుడు తడబడతాం. కాబట్టి మనసులో మోయకుండా కాగితం మీద పెట్టండి. పైన వేసుకున్న ఒకటిని నేనిప్పుడు పెన్సిల్‌తో రాసుకుంటాను. కష్టమైన పని పొద్దున్నే, అరగంట చొప్పున చేయండి. గది మరీ నిశ్శబ్దంగా ఉండనివ్వకండి. ఫ్యాన్ చప్పుడో, ఫోన్‌లో వాన శబ్దమో హోరు కన్నా కాస్త తక్కువగా పెట్టుకోవాలి, దాన్ని పూర్తిగా కప్పేసేలా వద్దు. వినికిడి తగ్గిందని తేలితే నామోషీ పడకుండా చెవి మిషన్ పెట్టుకోండి. మాటలు వినడానికి పడే శ్రమ తగ్గితే ఆ శక్తి ఆలోచనకి మిగులుతుంది.

రోజుకి ఐదు నిమిషాలు ఈ సాధన చేయండి. కూర్చుని అర నిమిషం హోరునే వినండి. తర్వాత ధ్యాసను వంటింట్లో కుక్కర్ మీదికి, అక్కణ్నుంచి వీధిలో బండి చప్పుడు మీదికి, ఆపైన నేలకి ఆనిన అరికాళ్ల మీదికి మళ్లించండి. మళ్లీ హోరు దగ్గరికి రండి. దాన్ని తరమాలని చూడకండి, ధ్యాసను మనం కోరిన చోటికి తిప్పడమే ఇక్కడ పని. నాకు మూడో వారానికి గానీ పట్టు చిక్కలేదు.

హోరును పోగొట్టే మందంటూ ఇంకా లేదు. చెవిలో నూనెలు పోయించుకోకండి. బాధ తగ్గించడంలో బాగా రుజువైంది కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే కలవరపెట్టే ఆలోచనల్ని, అలవాట్లని మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స. దీని గురించి సైకాలజిస్ట్‌ని అడగండి. నిద్ర పట్టక మనసు మరీ కుంగిపోతుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

ఇంట్లోవాళ్లకీ ఒక మాట చెప్పి ఉంచండి: ముఖ్యమైన విషయమైతే టీవీ ఆపి, ఎదురుగా వచ్చి చెప్పమని. మా అమ్మాయి ఇప్పుడు భుజం తట్టి, నేను తలెత్తాకే మొదలుపెడుతుంది.